పిలిచిన మెహమాన్‌ని గడప దగ్గరే ఆపేస్తే



పోయిన ఏడాది మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పి మొదలుపెడతాను. మా పెద్ద బేటీ పీజీ చదువుకి వజీఫా కోసం ఒక ట్రస్టుకి దరఖాస్తు పెట్టింది. మార్కుల మెమోలు, ఆదాయం సర్టిఫికెట్, నా జీతం స్లిప్పులు అన్నీ స్కాన్ చేయించి పంపాం. "సెలెక్ట్ అయినవాళ్లకి ఇంటర్వ్యూ తారీఖు మెయిల్‌లో వస్తుంది" అన్నారు. పిల్ల రోజూ లేవగానే ఫోన్ తీసి చూసేది. ఏమీ రాలేదు. మా అమ్మీ "సబర్ చెయ్ బేటా, నసీబ్‌లో ఉంటే ఎక్కడికీ పోదు" అనేది. మూడు వారాలు దాటాక పిల్ల దోస్తు ఒకమ్మాయి ఫోన్ చేసి, "నువ్వు ఇంటర్వ్యూకి ఎందుకు రాలేదే?" అని అడిగింది.

అప్పుడు వెతికితే స్పామ్ ఫోల్డర్‌లో దొరికింది. పైన ఏదో లాటరీ మెయిల్, కింద బరువు తగ్గించే మందు మెయిల్, మధ్యలో మా పిల్లకి ఇంటర్వ్యూ పిలుపు. తారీఖు దాటి తొమ్మిది రోజులైంది.

పిల్ల ఏడవలేదు. "అబ్బా, నేను రోజూ చూస్తూనే ఉన్నా కదా" అంది, అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ముందు నాకు ట్రస్టు వాళ్ల మీద గుస్సా వచ్చింది. తర్వాత మెయిల్ కంపెనీ మీద వచ్చింది. మా తమ్ముడి కొడుకు సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాడు. వాడిని కూర్చోబెట్టి అడిగాను. "బడే అబ్బా, ఆ మెయిల్ ఒక్క మన ఆపాకే రాలేదు. ఒకే మెయిల్ వందలమందికి ఒకేసారి పంపారు. మిషన్‌కి అది స్పామ్‌లా కనపడింది" అన్నాడు. ఆ రోజు నుంచి ఈ విషయం గురించి దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. నాకు అర్థమైంది, నాకు అనిపించింది మీ ముందు పెడతాను.

ముందు ఆ పేరు సంగతి. స్పామ్ అనేది అమెరికాలో హార్మెల్ కంపెనీ 1937లో తెచ్చిన డబ్బా మాంసం పేరు. అది పంది మాంసం. బ్రిటన్‌లో మాంటీ పైథాన్ అనే హాస్య బృందం 1970లో టీవీలో ఒక నాటిక వేసింది. అందులో ఒక హోటల్లో ఏది అడిగినా స్పామ్ కలిపే ఇస్తారు. వద్దన్నా అదే, ఇంకోటి అడిగినా అదే. అక్కడి నుంచి కంప్యూటర్ వాళ్లు ఆ పేరు తెచ్చుకుని, వద్దన్నా వచ్చిపడే చెత్తకి తగిలించారు. మనవాళ్లకి ఈ కథ చెబితే నవ్వుతారు. "అయితే స్పామ్ డబ్బాలోదీ మనకి పనికిరాదు, ఫోన్‌లోదీ పనికిరాదు" అంది మా అమ్మీ.

ఈ జబ్బు కొత్తది కాదు. 1978 మే 3న, ఇంటర్నెట్ ఇంకా ఆర్పానెట్ అనే చిన్న నెట్‌వర్క్‌గా ఉన్నప్పుడు, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేసే గ్యారీ థర్క్ అనే ఆయన తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకి రమ్మని దాదాపు 400 మందికి ఒకే మెయిల్ పంపాడు. మొదటి స్పామ్ అదేనంటారు. అందుకున్నవాళ్లకి చాలామందికి కోపం వచ్చింది. ఆయన ధోకా ఏమీ చేయలేదు, అబద్ధం చెప్పలేదు. అడగకుండా పంపాడు. అదే ఆయన కసూర్.

ఇక్కడే నా అసలు మాట ఉంది. ఒకేసారి ఎక్కువమందికి పంపడం తప్పు కాదు. మన ఇళ్లల్లో షాదీ రుక్కా చూడండి. ఐదు వందలు అచ్చు వేయిస్తాం. అందరికీ ఒకే మాట, ఒకే తారీఖు, ఒకే షాదీఖానా. అయినా రుక్కా రాకపోతే చుట్టాలు ఏళ్ల తరబడి నారాజ్ అవుతారు. అదే సైకిల్ మీద వచ్చి గోడలకీ గేట్లకీ వశీకరణం బాబా కరపత్రాలు అంటించిపోయేవాడి మీద విసుక్కుంటాం. అదీ ఐదు వందలే, అచ్చు వేసిందే. మరి ఫర్క్ ఎక్కడుంది? కాగితంలో లేదు, లెక్కలో లేదు. ఇజాజత్‌లో ఉంది. ఒకరి కోసం మనం ఎదురుచూస్తున్నాం, ఇంకొకడిని మనం పిలవలేదు.

వజీఫా ట్రస్టు మెయిల్, స్కూల్ ఫీజు గడువు మెయిల్, కరెంటు బిల్లు, రైలు టికెట్, ఉద్యోగ పరీక్ష హాల్ టికెట్, మనం కోరి పేరు రాయించుకున్న పత్రిక, ఇవన్నీ వేలమందికి ఒకేసారి వెళ్లేవే. మనకి కావాల్సినవే. లాటరీ, దొంగ లోన్, నకిలీ నౌకరీ మెయిళ్లూ అలాగే వేలమందికి వెళతాయి. ఈ రెండింటినీ విడదీయమని మనం మిషన్‌కి చెబుతున్నాం. కానీ మనం ఎవరికి ఇజాజత్ ఇచ్చామో ఆ మిషన్‌కి తెలియదు. మా పిల్ల ట్రస్టు వాళ్ల వెబ్‌సైటులో ఫారం నింపింది. ఆ సంగతి ట్రస్టుకి తెలుసు, పిల్లకి తెలుసు. మధ్యలో దర్వాజా దగ్గర నిలబడ్డ మెయిల్ కంపెనీ చౌకీదారుకి ఎవరు చెప్పారు?

అందుకే అది నిషానీలు చూసి అందాజా వేస్తుంది. ఆ అందాజా ఎలా వేస్తుందో తెలుసుకుంటే మన జిమ్మేదారీ ఏమిటో తెలుస్తుంది.

పాత పద్ధతి మార్కులు వేయడం. 2001లో వచ్చిన స్పామ్ అసాసిన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇప్పటికీ ఇలాగే పనిచేస్తుంది. ఒక్కో అనుమానపు గుర్తుకి కొన్ని పాయింట్లు. రాత లేకుండా ఒట్టి బొమ్మే ఉంటే కొన్ని, పంపినవాడి చిరునామా తేడాగా ఉంటే కొన్ని. మామూలు అమరికలో మొత్తం 5 పాయింట్లకి చేరితే స్పామ్ అని ముద్ర.

రెండో పద్ధతి లెక్కల మీద నడిచేది. థామస్ బేయిస్ అనే ఇంగ్లండ్ పాదరీ లెక్కలు కూడా తెలిసినవాడు. ఆయన పోయాక 1763లో ఆయన వ్యాసం ఒకటి అచ్చయింది. కళ్ల ముందున్న సబూత్‌ని బట్టి మన షక్‌ని ఎంత పెంచుకోవాలో, ఎంత తగ్గించుకోవాలో చెప్పే లెక్క అది. 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ ఆ లెక్కతో స్పామ్ ఎలా పట్టొచ్చో రాశాక అది చాలామందికి తెలిసింది. ఒక ఉదాహరణ చూడండి. మీకొచ్చిన వంద చెత్త మెయిళ్లలో 40 మెయిళ్లలో "గెలిచారు" అనే మాట ఉంది, వంద మంచి మెయిళ్లలో ఒక్కదాంట్లోనే ఉంది అనుకుందాం. చెత్తా మంచీ సమానంగా వస్తుంటే, ఆ మాటతో కొత్త మెయిల్ వచ్చినప్పుడు అది చెత్త కావడానికి 41లో 40 వంతుల అవకాశం. అలా ఒక్క మాట మీద కాదు, చాలా మాటల గవాహీ కలిపి ఫైసలా చేస్తుంది.

గ్రాహం చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. మంచి మెయిళ్లలో కనపడిన మాటల లెక్కని ఆయన రెట్టింపు చేశాడు. ఎందుకంటే బేగునాహ్‌ని పట్టుకోవడం కంటే గునహ్‌గార్‌ని వదిలేయడమే నయం అనుకున్నాడు. ఒక లాటరీ మెయిల్ ఇన్‌బాక్స్‌లోకి వస్తే దాన్ని తీసేయడానికి ఒక సెకను పడుతుంది. ఒక ఇంటర్వ్యూ మెయిల్ చెత్తలోకి పోతే ఒక పిల్ల సంవత్సరం పోతుంది. ఈ రెండు తప్పులనీ ఒకే తక్కెడలో పెట్టకూడదు. ఫిల్టర్ తయారు చేసేవాళ్లు "నూటికి ఇంత స్పామ్ పట్టాం" అని చెప్పుకుంటే నాకు ఖుషీ కలగదు. "ఎన్ని మంచి ఖత్‌లు చెత్తలో వేశారు?" అని అడగాలనిపిస్తుంది.

మూడో పద్ధతి పహచాన్ చూడటం. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు పరీక్షలు ఉన్నాయి. ఫలానా సంస్థ పేరుతో వచ్చిన మెయిల్ నిజంగా ఆ సంస్థ ఒప్పుకున్న సర్వర్ నుంచే వచ్చిందా, దారిలో ఎవరైనా మార్చారా, పరీక్ష తప్పితే ఏం చేయమని ఆ సంస్థ చెప్పింది, ఇవి చూస్తాయి. మంచివే. కానీ ఇవి పేరు నిజమా కాదా అని చెబుతాయి గానీ, మనం పిలిచామా లేదా అని చెప్పవు. చేతిలో ఆధార్ కార్డు ఉన్నంత మాత్రాన ఎవరూ మన మెహమాన్ అయిపోరు కదా.

నాలుగోది బయటికి దారి. ఒకేసారి ఎక్కువమందికి పంపేవాళ్లు మెయిల్‌లో కంటికి కనపడని చోట "ఆపేయాలంటే ఇక్కడ చెప్పండి" అని రాసే పద్ధతి 1998లో వచ్చింది. ఒక్క నొక్కుతో ఆపేసే పద్ధతి 2017లో ఖరారైంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కంపెనీలు పెద్ద మొత్తంలో పంపేవాళ్లకి దీన్ని నిబంధన చేశాయి. జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000 మించి పంపేవాళ్లు పైన చెప్పిన మూడు పహచాన్‌లూ చూపించాలి. ప్రచారం మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఆపే వీలు ఇవ్వాలి. ఆపమంటే రెండు రోజుల్లో ఆపాలి. "ఇది స్పామ్" అని జనం చేసే ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు.

ఈ చివరి మాట దగ్గర ఆగండి. 0.3 శాతం అంటే వెయ్యికి ముగ్గురు. అంటే మిషన్ అందాజాలో పెద్ద గవాహీ మనదే. "స్పామ్" బటన్ మీద మన వేలు.

ఇప్పుడు నిజం ఒప్పుకుంటాను. నేను కూడా ఏళ్లుగా ఆ బటన్‌ని ఇష్టమొచ్చినట్టు నొక్కినవాడినే. చిన్నదాని పరీక్షల కోసం ఒక కోచింగ్ సెంటర్‌లో నేనే పేరు రాయించాను. పరీక్ష అయిపోయాక కూడా మెయిళ్లు వస్తుంటే చిరాకేసి స్పామ్ అని నొక్కేశాను. ఆపేయమని చెప్పడానికి రెండు సెకన్ల తక్‌లీఫ్ పడలేదు. నేను పిలిచిన మెహమాన్‌నే దొంగ అని గవాహీ ఇచ్చాను. ఆ గవాహీ నా ఒక్కడి ఇన్‌బాక్స్‌తో ఆగదు. అదే సెంటర్ మెయిల్ కోసం ఎదురుచూసే ఇంకో పిల్లాడి దగ్గర కూడా ఆ పంపినవాడి మీద షక్ పెరుగుతుంది. ఒక చిన్న ట్రస్టు 300 మందికి మెయిల్ పంపిందనుకోండి. అందులో ఒక్కడు స్పామ్ అని నొక్కితే 0.33 శాతం. ఒక్క వేలితో తెల్లారేసరికి అంతా ఆగిపోతుందని కాదు, మిషన్ ఇంకా చాలా గుర్తులు చూస్తుంది. కానీ చిన్నవాళ్ల దగ్గర ఒక్కొక్క వేలికి ఎంత బరువు ఉంటుందో చూడండి. లక్షల్లో పంపే కంపెనీకి పదిమంది గవాహీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

మా పిల్ల మెయిల్ ఏ కారణంతో స్పామ్‌లో పడిందో నాకు ఎవరూ చెప్పలేదు. నాలాంటి ఎవరి వేలో అందులో ఉందేమో అనే ఆలోచన మాత్రం నన్ను వదలదు.

కొందరు అంటారు, "ఆపేయండి అనే లింకు నొక్కితే మన చిరునామా సజీవంగా ఉందని దొంగలకి తెలుస్తుంది కదా భాయ్?" అని. సహీ బాత్. అందుకే మూడు రకాలు గుర్తుపెట్టుకోండి. మనమే అడిగి తెప్పించుకున్నవి, ఇప్పుడు వద్దనుకుంటే "అన్‌సబ్‌స్క్రైబ్". మనం ఎప్పుడూ అడగనివి, "స్పామ్". బ్యాంకు పేరుతోనో కొరియర్ పేరుతోనో ఓటీపీ, పాస్‌వర్డ్ అడిగేవి అచ్చమైన ధోకా, వాటిలో ఏ లింకూ ముట్టుకోకుండా "ఫిషింగ్" అని రిపోర్ట్ చేయాలి. గవాహీ ఇవ్వాలి, కానీ సచ్చీ గవాహీ ఇవ్వాలి.

భాష సంగతి కూడా చెప్పాలి. బేయిస్ లెక్క మనం నేర్పిందే నేర్చుకుంటుంది. మీకు తెలుగులో వచ్చే మెయిళ్లు లోన్ ప్రచారాలే అయితే, మీ ఫిల్టర్‌కి తెలుగు మాటలే చెత్త గుర్తులుగా కనపడొచ్చు. స్పామ్ అసాసిన్‌లో ఏయే భాషలు కావాలో ముందే చెప్పుకునే వీలుంది, వేరే భాషలో వస్తే అనుమానపు పాయింట్లు పడతాయి. ఇంగ్లీషు ఒక్కటే రాసిపెట్టుకున్న ఆఫీసులో మన తెలుగు ఖత్‌కి, ఉర్దూ ఖత్‌కి ఏం జరుగుతుందో ఊహించండి. దీనికి ఫిర్యాదుతో పని లేదు. మన భాషలో మెయిళ్లు రాసుకోవాలి, మంచివి స్పామ్‌లో కనపడితే "ఇది స్పామ్ కాదు" అని నొక్కాలి. షాగిర్ద్ తప్పు నేర్చుకుంటే ఉస్తాద్ దిద్దాలి. ఇక్కడ మనమే ఉస్తాద్‌లం.

పంపేవాళ్లకి కూడా నాలుగు మాటలు. మన అంజుమన్‌లు, స్కూళ్లు, వజీఫా ఇచ్చేవాళ్లు, కోచింగ్ సెంటర్ల వాళ్ల నీయత్ మంచిదే. కానీ ఎవరిదో లిస్టు తీసుకుని ఐదు వందల చిరునామాలకి ఒక మామూలు ఖాతా నుంచి ఒకేసారి వదిలేస్తారు. విషయం అంతా ఒక రంగుల బొమ్మలో పెడతారు, రాత ఒక్క ముక్క ఉండదు. ఆపేయమని చెప్పే దారి ఉండదు. మిషన్ కళ్లకి ఇదంతా దొంగ వాలకమే. అడిగి పేర్లు రాసుకోండి. సొంత డొమైన్ నుంచి పహచాన్‌తో పంపండి. రాతని రాతగా రాయండి. వెళ్లిపోతానన్నవాడిని వెళ్లనివ్వండి. పిల్లల భవిష్యత్తు ఉన్న ఖబర్ అయితే మెయిల్‌తో పాటు ఒక ఎస్సెమ్మెస్ కూడా పంపండి. మా పిల్లకి ఒక్క ఎస్సెమ్మెస్ వచ్చి ఉంటే ఇవాళ ఈ రాత ఉండేది కాదు.

కానూన్‌లో కూడా రెండు దారులున్నాయి. అమెరికా 2003లో చేసిన చట్టం ప్రకారం ముందు అడగకుండానే పంపొచ్చు, వద్దంటే పది పనిదినాల్లో ఆపాలి. యూరప్ 2002లోనే ముందు ఇజాజత్ తీసుకోవాలనే దారి పట్టింది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒప్పుకోవడం ఎంత తేలికో ఆ ఒప్పుదలని వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలికగా ఉండాలంటుంది. నేను అడిగి రావాలనేవాళ్ల వైపే. మన ఇళ్లల్లో గడప దగ్గర సలాం చెప్పి, లోపలి నుంచి జవాబు వచ్చాకే అడుగు పెడతారు. జవాబు రాకపోతే వెనక్కి వెళతారు. లోపలికొచ్చి కూర్చుని, "వద్దంటే చెప్పండి, పోతాను" అనేవాడి తమీజ్ నాకు నచ్చదు.

మరి ఇజాజత్ సంగతి మిషన్‌కి మనమే చెప్పే దారి లేదా? ఒకటుంది. మా తమ్ముడి కొడుకే చూపించాడు. జీమెయిల్‌లో మీ పేరు తర్వాత, ఎట్ గుర్తుకి ముందు, ఒక ప్లస్ గుర్తు పెట్టి ఏ మాటైనా రాయొచ్చు. వజీఫా ఫారంలో మీ పేరు ప్లస్ వజీఫా అని ఇవ్వండి. మెయిల్ మీకే వస్తుంది. సెట్టింగ్స్‌లో ఒక ఫిల్టర్ పెట్టి, ఆ చిరునామాకి వచ్చినవి ఎప్పుడూ స్పామ్‌లోకి పంపొద్దని చెప్పండి. అంటే ఇజాజత్ నామా చిరునామాలోనే రాసి ఇచ్చినట్టు. రేపు అదే చిరునామాకి లోన్ కంపెనీ మెయిల్ వస్తే మీ చిరునామా ఎవరి దగ్గర నుంచి బయటికి పోయిందో కూడా తెలిసిపోతుంది. కొన్ని ఫారాలు ప్లస్ గుర్తు ఒప్పుకోవు. అప్పుడు పంపేవాళ్ల చిరునామాని ముందే మీ కాంటాక్ట్స్‌లో వేసుకోండి.

ఈ పని ఇంత చుట్టూ తిరిగి మనం చేసుకోవాల్సి రావడం నాకు ఇష్టం లేదు. ఒక బటన్ నొక్కి "వీళ్లకి నేను ఇజాజత్ ఇచ్చాను" అని మెయిల్‌కి చెప్పే సీదా దారి ఉండాలి. చెత్త అని పూర్తి నమ్మకం లేనివాటిని చప్పుడు చేయకుండా చెత్తలో వేయకూడదు. జీమెయిల్ 2013లో ప్రచారాల కోసం వేరే అర పెట్టింది. అలాంటిదే, షక్ ఉన్నవాళ్లని కూర్చోబెట్టే దీవాన్‌ఖానా ఒకటి పెట్టి, వారానికోసారి ఇంటివాళ్లకి జాబితా చూపించాలి. లోపలికి రానివ్వకపోయినా పర్వాలేదు, వచ్చారన్న ఖబర్ అన్నా ఇవ్వాలి కదా.

అది వచ్చేదాకా మా ఇంట్లో ఒక ఆదత్ పెట్టుకున్నాం. జీమెయిల్ స్పామ్‌లో ఉన్నవి 30 రోజులకి వాటంతట అవే చెరిగిపోతాయి. అందుకని ప్రతి జుమ్మా రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, దస్తర్‌ఖాన్ తీసేలోపు అందరం ఫోన్లు తీసి స్పామ్ ఫోల్డర్ చూసుకుంటాం. ఐదు నిమిషాలు. మా అమ్మీకి కూడా చిన్నది చూసి పెడుతుంది. "నాకు ఎన్ని కోట్లు వచ్చాయే ఈ వారం?" అని అమ్మీ అడుగుతుంది. అందరం నవ్వుతాం.

పెద్దది ఈ ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఈసారి పేరు పక్కన ప్లస్ గుర్తు ఉంది. జవాబు ఇంకా రాలేదు. మీ ఇంట్లో కూడా ఎవరైనా ఏదో ఒక జవాబు కోసం ఎదురుచూస్తుంటే, ఇది చదవడం అయిపోగానే వాళ్ల స్పామ్ ఫోల్డర్ ఒకసారి తెరవమనండి.